రెండో చెయ్యి

రాత్రి పదకొండున్నర.
కింది వాటాలో బట్టల మిషను
ఎవరి బూట్లనో తిప్పుతోంది, ధబ్ ధబ్మని.
వంటింటి బల్ల మీద లాప్‌టాప్,
చల్లారిన అల్లం టీ,
అక్క మిర్లాండ్ వదిలేసిన స్కూలు బస్సు తాళాలు.
తెర మీద ఒక ప్రశ్న:
ఏ పరీక్షలోనైనా తప్పారా?
అవును. కాదు.
రెండు గుండ్రటి సున్నాలు,
నా వైపే కళ్లార్పకుండా.

నాలుగు మార్కులు.
జెరెమీ ఆసుపత్రిలో కరెంటు పోయిన రాత్రి
నర్సు పళ్లతో కరిచి పట్టుకున్న ఫోను వెలుతుర్లో
ఒక తల్లి కడుపు కోసి బిడ్డను తీశాను.
ఆ పిల్లకిప్పుడు తొమ్మిదేళ్లుంటాయి.
ఆ సంగతి రాయడానికి ఇందులో గడి లేదు.
నాలుగు మార్కులకు ఉంది.

విల్నేర్‌కి పోయినేడు సీటొచ్చింది,
ఫోన్లో గొంతుకి అప్పుడే కాస్త పెద్దరికం:
"వంద చోట్లకి పెట్టు రోజ్‌లోర్.
ముందు చూసేది మనిషి కాదు, జల్లెడ.
ఏ జల్లెడకి ఎంత కన్నమో ఎవడికి తెలుసు?"
మిర్లాండ్ గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే:
"ఈ ఏడు ఆగు. మళ్లీ రాసి, పాసై, తలెత్తుకుని పెట్టు."
ఇద్దరూ చెప్పేది నిజమే.
అదే వచ్చిన చిక్కు.

గ్యాస్ బిల్లు వెనక లెక్క వేశాను.
ఉన్నది పద్ధెనిమిది వందల డాలర్లు.
అందులోనే మళ్లీ రాసే పరీక్ష ఫీజు,
అందులోనే మంచుకి టైర్లు.
ఆగితే,
చదువు ముగిసి ఎన్నేళ్లయిందనే గడిలో
పది కాస్తా పదకొండవుతుంది.
అదీ ఒక జల్లెడే.

ఎందుకు తప్పారో వివరించమంటుంది ఇంకో గడి.
నాన్న పోయాడని రాయొచ్చు, జాలిపడతారు.
కానీ నాన్న పోయింది అంతకు ముందటేడు.
ఆయన్ని మళ్లీ ఓసారి చంపలేను,
నాలుగు మార్కుల కోసం.

ఈ ఉదయం నాలుగో అంతస్తులో
ముసలాయన, అంటేరో ఫుర్తాదో,
కేప్ వెర్డే నుంచి కుర్రాడిగా వచ్చి
ఈ బ్రాక్టన్ చెప్పుల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు మేకులు కొట్టినవాడు.
సూది దించాను. నరం పక్కకి జారింది.
ఏడు నెలల్లో మొదటిసారి గురి తప్పాను.
మా దగ్గరో నియమం ఉంది,
ఒకరికి రెండుసార్లే,
ఆ తర్వాత ఇంకొకరిని పిలవాలి.
పిలవబోయాను కూడా, ఒకటికే.
ఆయన దుప్పట్లోంచి ఎడమ చెయ్యి బయటికి తీసి
"ఇదింకా ఎవరూ ముట్టుకోలేదమ్మా" అన్నాడు,
దుకాణంలో సరుకు చూపించినట్టు.
నవ్వొచ్చి, చెయ్యి కుదుటపడి,
దొరికింది.

దాన్నుంచి నీతేమీ తీయను.
నరం వేరు, సీటు వేరు.
ఆయన రక్తం రిపోర్టు బాగా లేదని
మధ్యాహ్నం తెలిసింది.

నలభై రెండు చోట్లు టిక్కు పెట్టాను,
అన్నీ కుటుంబ వైద్యం:
బొగ్గు ఊళ్లు, గోధుమ ఊళ్లు,
మ్యాపులో గోరంత కూడా లేనివి.
నలభై మూడోది సర్జరీ, ఒక్కటంటే ఒక్కటి.
అది రాదు. తెలుసు.
ఆ డబ్బులు నా పిచ్చి ఖాతాలో రాసుకోనీ.
టైర్లు పాతవే, నెమ్మదిగా నడుపుతాను.

అవును.
నొక్కాను.
వివరణ గడిలో ఒకే వాక్యం:
"రాత్రి డ్యూటీలు చేస్తూ చదివాను, చాలలేదు,
నవంబరులో మళ్లీ రాస్తున్నాను."
మిర్లాండ్ చూస్తే ఇంకొంచెం ఏడవొచ్చుగా అంటుంది.

కింద మిషను ఆగింది.
బూట్లు తీసుకోవడానికి ఎవరూ రాలేదు ఇంకా.
మూడు నలభైకి అలారం పెట్టాను.